మా ఇంటి తుమ్మెద

మన పాఠశాల వార్షిక సంచికకు ఏదైన వ్రాసి పంపవలసినదని సంపాదకవర్గమువారు కోరినప్పుడు మేము అన్నదమ్ములమిద్దరము కొంత సందేహించితిమి. మేము కవులము కాము. దేశములు తిరిగి వింతలు చూచినవారమును కాము. ఈ పాఠశాలలో చదివి వెడలినపిదప ఎవరి ఉద్యోగము వారు చేసికొనుచు, సెలవుదినములలో ఒక బల్లకు చెరియొకవైపున కూర్చుండి తీగెలు అతుకుకొనుట మాకు గల ఏకైక వ్యసనము. ఒక ఇనుపచుట్ట పదునాలుగు నెలలపాటు మా ఇంటిలో రొద చేసినది. దానిని మాన్పుటకై మేము చేసిన తప్పులను, తుదకు సరియైనదానిని ఎంచుకొన్న విధమును ఇందు వ్రాయుచున్నాము. ఇంటిలో పాటలు వినుటకు ఆంప్లిఫయరు కూర్చుకొనగోరు విద్యార్థులకును, వారికి డబ్బు ఇచ్చెడి తలిదండ్రులకును ఇది కొంత ఉపకరింపవచ్చును.

మా తల్లి 2009వ సంవత్సరమున గతించెను. ఆమె పదిమందిలో పాడిన మనిషి కాదు. కాని 1988వ సంవత్సరపు వేసవిలో మా మేనమామ ఒక టేప్‌రికార్డరు తెచ్చి, వంటయింటి గట్టుమీద పెట్టి, ఆమెకు తెలియకుండ మీట నొక్కెను. ఆమె చేటలో బియ్యము ఏరుచు, మాలో చిన్నవానిని కాళ్లమీద పరుండబెట్టుకొని, తనలో తాను జోలపాటలు పాడుకొనుచుండెను. ఆమె గొంతు అందు మిక్కిలి సన్నము. ఇరువది రెండు నిమిషములకు ఆమె యంత్రమును చూచి నవ్వి ఊరకుండెను. ఆమె స్వరము మాకు మిగిలినది అంతమాత్రమే. ఆ టేపునకు ఒక నకలు తీసి కంప్యూటరులో దాచియున్నాము గాని, మా తండ్రిగారికి క్యాసెట్టే కావలెను. డెబ్బది యెనిమిదేండ్ల ఆయన తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి, వీధిలో అలికిడి లేని ఆ వేళ దానిని పెట్టుకొని వినుట అలవాటు.

2021వ సంవత్సరమున పాత టేప్‌రికార్డరు మూలబడెను. అప్పుడు మేము ఆయనకొరకు ఒక మంచి డెక్కు సంపాదించి, స్వయముగా ఒక ఆంప్లిఫయరు కట్టి, రెండు స్పీకర్లు అమర్చితిమి. ఆంప్లిఫయరు పలుకకలు, కెపాసిటర్లు, డబ్బా మొదలగువానిని శ్రద్ధతో ఎంచితిమి. ఒక్క ట్రాన్స్‌ఫార్మరును మాత్రము పాతసామానుల బజారులో కొంటిమి. అది గుండ్రని టొరాయిడ్. మన స్త్రీలు నీళ్లబిందె క్రింద తలపై పెట్టుకొను చుట్టకుదురువలె నుండును. బరువుగా నుండెను, వెల తక్కువ. ఇంతకంటె ఏమి కావలెనని సంతోషించితిమి.

మొదటినాటి సాయంకాలము అందరము కూర్చుండి వింటిమి. ఏ దోషమును కనబడలేదు. మూడవనాటి ఉదయమున తండ్రిగారు కాఫీ త్రాగుచు, మాతో మెల్లగా, "ఒరే నాయనా, పాట బాగుగనే యున్నది. ఆ తుమ్మెదను మాత్రము ఎవరైన బయటికి పంపుదురా?" అనిరి.

మేము యంత్రము వద్ద చెవి యొగ్గి వింటిమి. అంతగా ఏమియు వినబడలేదు. వయసు మీరినవారికి చెవులలో హోరుండుట కలదని మాలో పెద్దవాడు అనెను. ఆ మాటకు మేము నేటికిని సిగ్గుపడుచున్నాము. ఆయన తిరిగి అడుగలేదు. అడుగకపోవుటయే కాదు, కొన్ని దినములకు ఆయన క్యాసెట్టు పెట్టుటయే మానుకొనెను. అది మేము గమనించుటకు నెల పట్టినది.

అప్పుడు మాలో చిన్నవాడు ఒక తెల్లవారుజామున లేచి, తండ్రిగారితోపాటు కూర్చుండి వినెను. తుమ్మెద ఉన్నమాట నిజమే. గది యంతయు గుయ్యిమనుచుండెను. బల్లమీద చేయి పెట్టగా చెక్క యదరుచుండెను. తల్లిగొంతు ఎచ్చట మంద్రమునకు దిగునో, అచ్చటనెల్ల ఆ రొద దానిని మ్రింగివేయుచుండెను.

చదువరులారా, ఇట్టి రొద విన్నప్పుడు మొదట చేయవలసినది ఒక చిన్న పరీక్ష. రొదలు రెండు విధములు. ఒకటి స్పీకరునుండి వచ్చునది. రెండవది ట్రాన్స్‌ఫార్మరు ఇనుమునుండి తిన్నగా గాలిలోనికి వచ్చునది. యంత్రము ఆపి, స్పీకరు తీగెలు విప్పి, మరల యంత్రమును నడిపి చూడవలెను. రొద నిలిచిపోయినచో దోషము తీగెలలోనో, భూమితీగె కలిపిన పద్ధతిలోనో, ట్రాన్స్‌ఫార్మరునుండి వెలువడు అయస్కాంతక్షేత్రము సున్నితమైన తీగెలను తాకుటలోనో కలదు. రొద నిలువనిచో ఇనుమే పాడుచున్నది. మాది ఈ రెండవది.

మేము ఈ పరీక్ష ఆలస్యముగా చేసితిమి. అంతకుముందు ఊహలపై ఊహలు చేసి, ఒకదానివెంట నొకటిగా వృథాచికిత్సలు జరిపితిమి. కెపాసిటర్లను రెట్టింపు చేసితిమి. ఇనుము పాటకు అవి ఏమి చేయగలవు? ట్రాన్స్‌ఫార్మరు నడిమి బోల్టును మరింత బిగించితిమి. రొద డబ్బారేకునకు ఇంకను చక్కగా నందినది. తుదకు ఒక చెక్కపెట్టె చేయించి యంత్రము నందులో నుంచితిమి. వీణకు కుండ యెట్లో తుమ్మెదకు ఆ పెట్టె యట్లయ్యెను.

సాయంకాలము లేని రొద తెల్లవారుజామున నుండుట ఏల? ఈ ప్రశ్నను మేము సరిగా అడిగిన దినముననే చిక్కు విడిపోయెను. మల్టీమీటరుతో ఇంటి వోల్టేజిని చూచితిమి. రాత్రి ఎనిమిది గంటలకు, వీధి యంతట దీపములు, వంటయింటి యంత్రములు నడుచు వేళ, అది 205 వోల్టులు. తెల్లవారుజామున నాలుగు గంటలకు, ఊరంతయు నిద్రించు వేళ, 248 వోల్టులు. పిమ్మట ట్రాన్స్‌ఫార్మరు నడుమునకు అంటించియున్న చీటిని, దుమ్ము తుడిచి, మొదటిసారి చదివితిమి. దానిపై "220 వోల్టులు, 60 హెర్ట్‌జ్" అని యుండెను.

మా భౌతికశాస్త్రోపాధ్యాయులు ప్రయోగశాలలో మమ్ములను ఏ పరికరమునైనను ముట్టనిచ్చుటకు ముందు దాని చీటిని బిగ్గరగా చదివించెడివారు. పదవ తరగతిలో నేర్చిన ఆ మర్యాదను మేము బజారులో మరచితిమి. మన దేశమున విద్యుత్తు సెకనునకు 50 ఆవృత్తులు గలది. 60 ఆవృత్తుల దేశమునకై చేసిన చుట్టను తెచ్చి మన విద్యుత్తునకు తగిలించితిమి. దాని ఫలితము తెలియుటకు ట్రాన్స్‌ఫార్మరు పని చేయు తీరు కొంచెము చెప్పవలెను.

1831వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన లండను నగరమందలి రాయల్ ఇన్‌స్టిట్యూషనులో మైకేల్ ఫారడే ఒక మెత్తని ఇనుపవలయమునకు రెండు వైపుల రెండు తీగెచుట్టలు చుట్టి, ఒకదానిలో విద్యుత్తు పెట్టినప్పుడును తీసినప్పుడును రెండవదానిలో విద్యుత్తు పుట్టుట చూచెను. ఆ వలయము అడ్డము ఆరు అంగుళములు. నేటి టొరాయిడ్ రూపమును అదియే. పిదప 1885వ సంవత్సరమున బుడాపెస్టు నగరమునందలి గాంజ్ కర్మాగారపు ఇంజనీర్లు జిపర్నోవ్‌స్కీ, బ్లాతీ, డేరీ అను మువ్వురు మూసిన ఇనుపగర్భము గల ట్రాన్స్‌ఫార్మరును వాడుకకు తెచ్చిరి.

ఇనుము పాడుటకు కారణము జేమ్స్ జూల్ 1842లో వెల్లడించెను. ఇనుపకడ్డీని అయస్కాంతము చేసినచో దాని పొడవు రవంత మారును. ఆ మార్పు పదిలక్షల పాళ్లలో కొద్ది పాళ్లు మాత్రమే, కంటికి కనబడదు. కాని ఏకాంతర విద్యుత్తు ప్రతి ఆవృత్తిలోను ఇనుమును ఒకసారి ఇటు, ఒకసారి అటు అయస్కాంతము చేయును. ఏ దిక్కునకు చేసినను పొడవు మారును గావున, 50 ఆవృత్తులకు ఇనుము సెకనునకు 100 మారులు అదరును. ఇదియే తుమ్మెద యొక్క శ్రుతి. ఇనుము మోయగలిగినంతలో నున్నప్పుడు ఆ శ్రుతి మెత్తగా నుండును. మోయలేని స్థితికి వచ్చినప్పుడు 100తోపాటు 200, 300 మొదలగు పైశ్రుతులు బలపడి కరకుగా వినబడును. మన చెవికి 100 కంటె 300 ఎక్కువగా వినబడుట చేత బాధ ఇనుమడించును.

ఇనుము ఎంత మోయవలెనో నిర్ణయించునవి నాలుగు: దానికి తగిలించిన వోల్టేజి, ఆవృత్తుల సంఖ్య, ప్రాథమిక చుట్టలోని చుట్ల సంఖ్య, ఇనుము అడ్డుకోత వైశాల్యము. చివరి మూడింటిని 4.44తో కలిపి గుణించి, ఆ లబ్ధముతో వోల్టేజిని భాగించినచో అయస్కాంత సాంద్రత టెస్లాలలో వచ్చును. వైశాల్యమును మాత్రము చదరపు మీటర్లలో తీసికొనవలెను. ట్రాన్స్‌ఫార్మరులకు వాడు మంచి సిలికాను ఉక్కు సుమారు 2 టెస్లాల వద్ద నిండిపోవును. నిండిన కుండలో మరల నీరు పోసినట్లు, ఆపైన వచ్చినది పొర్లిపోవును. అప్పుడు ప్రాథమిక చుట్టలో విద్యుత్తు ఒక్కుమ్మడిగా పెరుగును, చుట్ట వేడెక్కును, ఇనుము అరచును.

మా చుట్టను చేసినవారు దానిని 220 వోల్టులకు, 60 ఆవృత్తులకు 1.5 టెస్లాలలో ఉండునట్లు చేసిరనుకొందము. 50 ఆవృత్తులకు వచ్చుసరికి అది ఐదవవంతు పెరుగును. లెక్క వేయగా, 205 వోల్టుల వద్ద 1.68 టెస్లాలు, 248 వోల్టుల వద్ద 2.03 టెస్లాలు. సాయంకాలము మోసినది, తెల్లవారుజామున మోయలేకపోయినది. మా తండ్రిగారి చెవిలో దోషము లేదు. మేము విన్న వేళ వేరు, ఆయన విన్న వేళ వేరు. రొద మా ఇద్దరి తెలివితక్కువలోనుండి వచ్చినది.

ఇక క్రొత్తదానిని ఎంచుకొనవలసి వచ్చినది. ఈమారు తొందరపడక, ఒక కాగితముమీద మాకు కావలసినవి వ్రాసికొంటిమి. ఆ కాగితములోని సంగతులను వరుసగా చెప్పెదము.

మొదటిది పరిమాణము. మాది చిన్న గది. స్పీకరు ఒక్కింటికి 20 వాట్లు చాలును, రెండింటికి 40. ఇట్టి ఆంప్లిఫయరు ఇచ్చు శక్తికంటె తీసికొను శక్తి అధికము గావున సుమారు 70 వాట్లు కావలెను. డయోడ్లు, కెపాసిటర్లు విద్యుత్తును పోటుపోటుగా పీల్చుటచేత ట్రాన్స్‌ఫార్మరును ఆ సంఖ్యకు ఒకటిన్నర రెట్లయినను ఉంచవలెను. ఆ లెక్కను 110 వరకు వచ్చినది. 160 వోల్ట్‌ఆంపియర్లు అని వ్రాసితిమి. సెకండరీలు రెండు, ఒక్కొక్కటి 18 వోల్టులు. వానినుండి కెపాసిటర్ల వద్ద ఇరువైపుల సుమారు 24 వోల్టుల ఏకముఖ విద్యుత్తు లభించును.

ఇచ్చట ఒక భ్రమను పోగొట్టవలెను. "పెద్దది కొనుము, చప్పుడు చేయదు" అని పలువురు చెప్పుదురు. మాకును చెప్పిరి. ఇనుముపై పడు బరువు మనము వాడుకొను శక్తిచేత గాక, తగిలించిన వోల్టేజిచేతను చుట్ల సంఖ్యచేతను కలుగుచున్నది. కావున 160కి బదులు 500 కొన్నను, రెండును ఒకే టెస్లాలకు చేయబడియున్నచో పెద్దది చప్పుడు తగ్గింపదు. అదరు ఇనుము అధికమగుటచేత హెచ్చింపనుకూడ వచ్చును. అడుగవలసినది పెద్ద చుట్టను గాదు, తక్కువ టెస్లాలను.

రెండవది అదే. బజారులో తయారుగా దొరకు టొరాయిడ్‌లు పెక్కు 1.5 మొదలు 1.7 టెస్లాల వరకు నడుచునట్లు చేయుదురు. ఇనుము, రాగి ఆదా యగును. మేము కోరినది ఇది: వోల్టేజి 253 వరకు పెరిగినను, అనగా 230కి పదవవంతు మించినను, సాంద్రత 1.3 టెస్లాలు దాటరాదు. అట్లు చేయుటకు చుట్లను సుమారు మూడవవంతు పెంచవలెను. చుట్లు పెరిగిన తీగె పొడవు పెరుగును. పొడవుతో నిరోధము పెరుగును. దానిని సరిపెట్టుటకు లావుతీగెయు, దానికి చోటిచ్చుటకు పెద్దగర్భమును కావలెను. కావున నిశ్శబ్దమునకు వెల కలదు. మా చుట్ట రెండున్నర కిలోలు తూగినది; తయారు సరకుకంటె సొమ్ము మూడవవంతు అధికమైనది. అట్లు చేయించుకొనలేనివారికి ఒక ఉపాయము కలదు. ప్రాథమిక చుట్టకు 230, 250 అని రెండు కొసలు గల ట్రాన్స్‌ఫార్మరు దొరకినచో 250 కొసకు తగిలింపవలెను. సాంద్రత నూటికి ఎనిమిది వంతులు తగ్గును. సెకండరీ వోల్టేజియు అంతే తగ్గును గనుక ముందుగనే దానిని కొంచెము హెచ్చుగా ఎంచుకొనవలెను.

మూడవది రూపము. ఇంగ్లీషు అక్షరములైన ఈ, ఐ ల వలె కత్తిరించిన రేకులను పేర్చి చేయు పాత పద్ధతి ట్రాన్స్‌ఫార్మరులు చవుక, మొండి. రేకుల అతుకులలో సన్నని సందు లుండుటచేత, విద్యుత్తులో ఏకముఖభాగము కొంచెము కలిసివచ్చినను అవి ఓర్చుకొనును. కాని వాని అయస్కాంతక్షేత్రము చుట్టుప్రక్కలకు ఎక్కువగా చిందును. టేపు డెక్కు తల వంటి సున్నితమైన భాగము దగ్గర నున్నచో స్పీకరులోనికి రొద దిగును. టొరాయిడ్ ఒకే పొడవైన ఉక్కుపట్టీని చుట్టి చేయుదురు, అతుకులు లేవు, క్షేత్రము బయటికి చిందుట తక్కువ. 1934వ సంవత్సరమున నార్మన్ గాస్ అను అమెరికా దేశస్థుడు పేటెంటు పొందిన, రేణువులన్నియు ఒకే దిక్కున తీరియుండు ఉక్కునకు ఈ రూపము మిక్కిలి అనుకూలము. మా యంత్రముతోపాటు డెక్కు ఉన్నది గావున టొరాయిడ్‌నే కోరితిమి.

నాలుగవది చేతిపని. చుట్టిన తీగెలలో ఒక పోగు వదులుగా నున్నను అది ఈగవలె రెక్కలాడించును. అందుచేత చుట్టను వార్నిషులో ముంచి, గాలి తీసివేసి, లోనికి పట్టించి ఆరబెట్టవలెనని కోరితిమి. ప్రాథమిక, సెకండరీ చుట్టల నడుమ ఒక రాగిరేకు తెరయు వేయించితిమి. అది ఇనుము పాటను తగ్గింపదు గాని, వీధి విద్యుత్తులో వచ్చు చిటపటలను కొంత అడ్డగించును. ఆ రేకు రెండుకొసలు ఒకదానినొకటి తాకరాదు. తాకినచో అదియే ఒక మూసిన చుట్టయై కాలిపోవును.

చుట్టలు చుట్టు పనివాని దుకాణము నడివీధిలో నుండెను. బస్సుల మ్రోతలో ఏ తుమ్మెద వినబడును? అందుచేత ఆయనయే, "చెవితో గాదు బాబూ, మీటరుతో విందము" అని, వోల్టేజిని పెంచుచు తగ్గించుచు పోగల వేరియాక్‌ను తెచ్చి, సెకండరీలకు ఏమియు తగిలింపకుండ, ప్రాథమిక చుట్ట తీసికొను విద్యుత్తును మాత్రము కొలిచి చూపెను. మేము వెంట తీసికొనిపోయిన పాతచుట్ట 205 వోల్టుల వద్ద 14 మిల్లీ ఆంపియర్లును, 248 వద్ద 400ను మించియు తీసికొనెను. క్రొత్తది 253 వద్దను 9 దాటలేదు. విద్యార్థులారా, దుకాణములో మీరు చేయింపదగిన పరీక్ష ఇదియే. వోల్టేజి కొంచెము పెంచగనే ఖాళీవిద్యుత్తు ఎగిరిపడినచో ఆ చుట్టను అచ్చటనే విడిచి రండు.

అమర్చుటయందును జాగ్రత్త కావలెను. చుట్టకు పైనను క్రిందను మెత్తని రబ్బరు బిళ్లలు వేసి, చుట్ట కదలకుండునంత మాత్రమే బోల్టును బిగించితిమి. ఆ బోల్టు పైకొస డబ్బామూతకు తగులరాదు. తగిలినచో బోల్టు, మూత, డబ్బా కలిసి ఒక మూసిన చుట్టయై విపరీతమైన విద్యుత్తు పారును. డబ్బాను భూమితీగెకు తప్పక కలుపవలెను. రొద తగ్గునని భూమితీగెను తీసివేయువారు కలరు. చెవి సుఖమునకై ప్రాణమును పణము పెట్టుట తగదు. మేము మా ఎలక్ట్రీషియన్‌ను దగ్గర నుంచుకొని, సరియైన ఫ్యూజు వేసి, మొదటిసారి ఒక 60 వాట్ల పాతరకపు బల్బును వరుసలో తగిలించి నడిపితిమి. బల్బు ఒక్కసారి మినుకుమని ఆరిపోయెను. లోపల తప్పున్నచో వెలుగుచునే యుండెడిది. వీధి విద్యుత్తుతో ఈ పనులు పిల్లలు ఒంటరిగా ఎన్నడును చేయరాదు.

ఇంతటితో కథ ముగియవలసినది. కాని ఒకనాటి ఉదయము తొమ్మిది గంటలకు తుమ్మెద మరల గుర్రుమనెను. నాలుగు నిమిషములకు తానే ఊరకుండెను. మరునాడును అంతే. ఇంటిలో వెదుకగా, ఆ వేళ మాలో పెద్దవాని కుమార్తె పాఠశాలకు బయలుదేరుచు వెండ్రుకలు ఆరబెట్టు యంత్రమును సగము వేడిలో నడుపుచుండుట కనబడెను. ఇట్టి యంత్రములు కొన్ని సగము వేడికై ఒక డయోడును అడ్డుపెట్టి విద్యుత్తరంగములో ఒక సగమునే వాడుకొనును. అందుచేత ఇంటి విద్యుత్తు ఒకవైపునకు కొంచెము ఒరుగును. సందులేని టొరాయిడ్‌కు ఆ కొద్దిపాటి ఒరుగుడే చాలును. ఒకవైపున త్వరగా నిండి అరచును. కెపాసిటర్లతోను డయోడ్లతోను దీనిని అడ్డగించు మార్గము కలదు. మేము సామాను కొనుటకు పట్టిక వ్రాయుచుండగా తండ్రిగారు, "తెల్లవారుజామున నాలుగింటికి తల ఎవరు ఆరబెట్టుకొందురురా?" అనిరి. పట్టికను చింపివేసితిమి.

క్రొత్తచుట్ట అమర్చిన మరునాటి తెల్లవారుజామున మేమిద్దరమును లేచితిమి. తండ్రిగారు కుర్చీలో కూర్చుండిరి. మాలో చిన్నవాడు యంత్రమును నడిపి, నడుచుచున్నదో లేదో తెలియక, దీపము వెలిగినదా అని వంగి చూచెను. పిదప క్యాసెట్టు పెట్టెను. టేపు సర్రుమను చప్పుడు వచ్చినది. అది టేపు ధర్మము, దానిని ఎవరు మాన్పగలరు? ఆ వెనుక తల్లిగొంతు వచ్చినది. ముప్పదినాలుగేండ్ల క్రిందటి మా వంటయిల్లు వచ్చినది. చేటలో బియ్యము గలగలలాడుట వింటిమి. ఆమె పాట ఆపి ఊపిరి తీసికొనుట వింటిమి. మేము ఇంతకుమునుపు ఎన్నడును విననిది మరియొకటి వింటిమి: దూరమున, పెరటి నూతివద్ద, ఎవరో నీరు తోడుచుండగా గిలక కిర్రు కిర్రుమనుచున్నది.

తండ్రిగారు చేయి పైకెత్తి మమ్ములను మాటలాడవద్దని వారించిరి. గిలక చప్పుడు ఆగువరకు అట్లే యుండిరి. పిదప, "ఆ గిలకకు నూనె వేయుడని మీ అమ్మ నాతో ఆ వేసవి యంతయు చెప్పినది," అనిరి. కొంతసేపటికి, "వేయలేదు," అనిరి.

మేము ఏమియు పలుకలేదు. యంత్రమును ఏమియు పలుకలేదు.

ఆ నూయి ఇప్పుడు పూడిపోయినది, గిలక లేదు. ఆ పాతచుట్టను మాత్రము మేము పారవేయక, చీటి పైకి కనబడునట్లు మా పనిబల్లమీద ఉంచుకొంటిమి. తరచుగా దానివైపు చూచుచుందుము. విద్యార్థులారా, మీరు ఏ యంత్రమును కొన్నను దాని చీటిని మొదట చదువుడు. ఇంటిలో పెద్దవారు తమకు ఏదో వినబడుచున్నదని చెప్పినప్పుడు, వారు విను వేళకు లేచి, వారి ప్రక్కను కూర్చుండి వినుడు. మేము ఈ రెండవపని మొదటనే చేసియున్నచో పదునాలుగు నెలలు మిగిలియుండెడివి. డెబ్బది యెనిమిదేండ్ల వానికి పదునాలుగు నెలలు తక్కువ కాలము కాదు.